ఎదుగుతున్నామని ఎలా తెలుసుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆత్మీయ ఎదుగుదల గురించినవే. వాటిలో నాలుగింటిని ఈ సంచికకు ఎంచుకుని, సంక్షిప్తం చేసి ఇస్తున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను బాప్తిస్మం తీసుకుని ఏడేళ్లయింది. మొదట్లో ప్రార్థనకు మోకరిస్తే కన్నీళ్లు ఆగేవి కావు, వాక్యం చదువుతుంటే సమయమే తెలిసేది కాదు. ఇప్పుడు అదే బైబిలు తెరిస్తే కళ్లు అక్షరాల వెంట పోతాయి గాని మనసుకు ఏదీ అంటడం లేదు. ఆదివారం ఆరాధన, ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, ఏదీ మానలేదు. మా ఊరి కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకులు, ఆనందం పోయిందంటే ఎక్కడో దాచిన పాపం ఉన్నట్టేనని చెప్పారు. ఎంత వెదికినా నాకు అలాంటిది కనిపించడం లేదు. నేను వెనుకకు జారిపోయానా?
— ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: సోదరీ, మీ ఉత్తరంలో అనుభూతి, పాపం, ఎదుగుదల అనే మూడు సంగతులు ఒకే ముడిగా పడిపోయాయి. వాటిని విడదీసి చూస్తే మీ భయం చాలా వరకు తగ్గుతుందని నా నమ్మకం.

ప్రార్థనలో కన్నీళ్లు రావడం దేవుడు ఇచ్చే మేలే గాని, ఎదుగుదలకు అవి కొలత అని పరిశుద్ధ గ్రంథం ఎక్కడా చెప్పదు. 150 కీర్తనల్లో ఎన్నో కీర్తనలు దేవుడు దూరమైపోయినట్టు, మౌనంగా ఉన్నట్టు తోచినవారి మొరలే. 42వ కీర్తన రాసిన భక్తుడు తన ప్రాణాన్నే పిలిచి, ఎందుకు క్రుంగియున్నావని అడుగుతాడు. 88వ కీర్తన అయితే చివరి మాట వరకు తేరుకోకుండా, ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్నచోటే ముగుస్తుంది. దానిని ఆరాధనలో పాడడానికి ప్రధాన గాయకుని చేతికి ఇచ్చారని ఆ కీర్తన శీర్షికే చెబుతుంది. ఆ భక్తుడు పాపం దాచాడని అందులో ఒక్క మాట కూడా లేదు. ఏమీ తోచని స్థితిలోనూ పగలూ రాత్రీ మొరపెట్టడం మానలేదని మాత్రం ఉంది. మీరు ఈ ఏడేళ్లలో ప్రార్థన మానలేదని రాశారు గదా, ఆ కీర్తనకారుని పక్కన నిలబడడానికి మీకు అర్హత ఉంది.

దాచిన పాపం మనిషిని లోపల ఎండగట్టే మాట నిజమే, 32వ కీర్తన అందుకు సాక్ష్యం. అయితే అక్కడ దావీదుకు తాను చేసిన దోషమేమిటో తెలుసు, తెలిసీ నోరు విప్పలేదు. పరిశుద్ధాత్మ పాపాన్ని ఒప్పింపజేసినప్పుడు ఫలానా మాట, ఫలానా పని అని మన మనస్సాక్షికి స్పష్టంగా చూపిస్తాడు. ఏమిటో తెలియని తప్పు కోసం నెలల తరబడి గుండెను తవ్వుకోమని ఆయన చెప్పడు. బాధ ఉంది కాబట్టి పాపం ఉండే తీరాలని యోబుతో వాదించిన స్నేహితులనే దేవుడు చివరకు తప్పుపట్టాడు (యోబు 42:7). ఆ ప్రసంగీకుల ఉద్దేశం మంచిదే అయి ఉండవచ్చు గాని, ఆ మాటను అందరి మీదా ఒకే తీరుగా మోపడం తగదు.

ఇంకొక సంగతి కూడా చూసుకోండి. 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణము తీసికొనుమని అడిగినప్పుడు దేవుడు వెంటనే ఉపదేశం మొదలుపెట్టలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, దూతను పంపి నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లబుడ్డీ ఇప్పించాడు, మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ తినిపించాడు. మాట్లాడడం ఆ తరువాతే. మీకు నిద్ర సరిగా పట్టకపోయినా, ఒంట్లో నీరసం విడవకపోయినా, ప్రార్థన మీదనే గాక ఇంటిపని మీదా పిల్లల మీదా కూడా మనసు నిలవకపోయినా డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్, రక్తహీనత, మానసిక కుంగుబాటు వంటివి మనసును ఇలాగే మొద్దుబారుస్తాయి. వైద్యం చేయించుకోవడం విశ్వాసలోపం కాదు.

ఇక ఎదుగుదల సంగతి. కొరింథు సంఘానికి ఏ కృపావరంలోనూ, అంటే దేవుడిచ్చే ఏ వరంలోనూ, లోపం లేదని అపొస్తలుడైన పౌలు వారికి రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోనే అన్నాడు. అదే సంఘాన్ని మూడవ అధ్యాయంలో, మీరింకా క్రీస్తునందు పసిబిడ్డలే, మీకు పాలే గాని బలమైన ఆహారం పెట్టలేకపోయానని మందలించాడు. దానికి ఆయన చూపిన కారణం వారి కూటాలు చప్పగా ఉన్నాయని గాని, ప్రార్థనలో వేడి తగ్గిందని గాని కాదు. వారి మధ్య అసూయ, కలహం ఉన్నాయని. గలతీయులకు రాసిన పత్రికలోని ఆత్మఫలాలను కూడా ఇదే దృష్టితో చదివి చూడండి. ప్రేమ, దీర్ఘశాంతము, దయాళుత్వము, సాత్వికము, ఇవేవీ తలుపు మూసుకున్న గదిలో ఒంటరిగా బయటపడేవి కావు. వాటికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి, తరచుగా మనల్ని విసిగించే మనిషే ఉండాలి.

కాబట్టి మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న వేరు. పొద్దున్నే పొయ్యి మీద పాలు పొంగుతూ, పిల్లవాడి స్కూలు ఆటో హారన్ కొడుతూ ఉండగా, లోపలి గదిలోంచి అత్తగారు మాత్ర ఎక్కడ పెట్టావని మూడోసారి పిలిస్తే ఏడేళ్ల కిందట మీ గొంతు ఎలా పలికేది, ఇప్పుడు ఎలా పలుకుతోంది? మీ తోడికోడలికి మేలు జరిగిన వార్త వింటే లోపల ఏమి కదులుతోంది? మీరు తప్పు చేసినప్పుడు ‘పొరపాటు నాదే’ అనే మాట బయటికి రావడానికి అప్పట్లో ఎంత కాలం పట్టేది, ఇప్పుడెంత పడుతోంది? వీటికి జవాబు మీకన్నా మీ ఇంటివారికే బాగా తెలుస్తుంది. అడగడానికి ధైర్యం కావాలి, అయినా మీ భర్తనో పెద్దకూతురినో ఒకసారి అడగండి.

ఎదిగేవారికి తమ ఎదుగుదల తెలియకపోవడం వింత కాదు. మార్కు 4వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానంలో విత్తనం చల్లినవాడు రాత్రింబగళ్లు నిద్రపోతూ లేస్తూ ఉంటే అది ‘వానికి తెలియని రీతిగా’ మొలిచి పెరుగుతుంది. మొదట మొలక, తరువాత వెన్ను, ఆ తరువాతే గింజ. మీ పల్నాడులో పొలం చేసేవారికి ఇది వివరించనక్కరలేదు. గట్టు మీద కూర్చుని రోజంతా చూసినా పైరు పెరుగుతున్నట్టు కనబడదు, పది రోజులు ఊరు వెళ్లి వచ్చినవాడికి కనబడుతుంది.

మొదటి ప్రేమ పోయిందన్న ప్రకటన గ్రంథం 2:4 మాటతో ఎవరైనా మిమ్మల్ని భయపెడితే ఐదవ వచనం వరకు చదవమనండి. ఎఫెసు సంఘంతో ప్రభువు, ఆ మొదటి అనుభూతులను తిరిగి తెచ్చుకొమ్మని చెప్పలేదు, ‘ఆ మొదటి క్రియలను చేయుము’ అన్నాడు. కొత్తగా విశ్వసించిన రోజుల్లో మీరు ఎవరి ఇంటికి వెళ్లేవారో, ఎవరికి అన్నం పంపేవారో గుర్తు తెచ్చుకోండి. కొంతకాలం వారానికి ఒక కూటం తగ్గించుకుని, ఆ సాయంకాలం మీ సంఘంలో మంచాన పడిన ఒక ముసలమ్మ దగ్గర గడపండి. ఆమెకు తల దువ్వండి, ఒక కీర్తన చదివి వినిపించండి. సొంత ప్రార్థనను చిన్నదిగానే ఉంచండి, ఉన్నదున్నట్టుగా చెప్పండి. మాటలు రానప్పుడు 42వ కీర్తననో 13వ కీర్తననో మీ ప్రార్థనగా చదవండి, అది కూడా ప్రార్థనే.

ప్రశ్న: కోనసీమ నుంచి వచ్చి కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. తెల్లవారక ముందే మొదలైన పని రాత్రి పదకొండు దాటితే గాని తెమలదు. శుక్రవారం తెలుగు ఆరాధన జరుగుతుంది గాని నాకు సెలవు నెలకు ఒక్కసారే. గదిలో ఇద్దరం ఉంటాము కాబట్టి ఏకాంతంగా మోకరించే వీలు కూడా లేదు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే వాక్యం ఒకటి చూసుకుంటాను, అంతే. ఇలా ఉంటే నేను ఎదగగలనా?
— ఒక సోదరి, కువైట్

జవాబు: తప్పకుండా ఎదగగలరు అమ్మా. ఆదిమ సంఘాల్లో తమ సమయం మీద తమకు అధికారం లేని దాసులు ఎందరో ఉన్నారు. కొలొస్సయి పత్రికలో, మీరేమి చేసినను ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడన్న మాటను పౌలు రాసింది ముందుగా వారికే. సొంత బైబిలు అన్నది వారెవరూ ఎరగరు. సంఘంలో చదవగా విన్నదాన్ని మనసులో దాచుకునేవారు.

మన నేలమీద కూడా అదే జరిగింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకుముందు కరవు కాలంలో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూడు కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని, ఆ కాలమంతా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. ఆ రోజు నీళ్లలోకి దిగినవారిలో అత్యధికులు మాదిగపల్లెల కూలి జనం. చదువుకునే అవకాశం సమాజం వారికి ఇవ్వలేదు. విని, పాడుకుని, ఒకరికొకరు వల్లెవేయించుకుని వారు వాక్యాన్ని నేర్చుకున్నారు. మీకు చదువు ఉంది, చేతిలో ఫోను ఉంది, మీ పరిస్థితిలో ఇది చిన్న సహాయం కాదు.

అయితే వాట్సాప్‌లో రోజుకొకటిగా వచ్చే వాక్యంతోనే సరిపెట్టుకోవద్దు. ఆ వాక్యం ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నదో తెలియకుండా విడిగా చదివితే అది త్వరగా మరచిపోతాము, కొన్నిసార్లు తప్పుగా కూడా అర్థం చేసుకుంటాము. దాని బదులు ఒక చిన్న పుస్తకాన్ని పట్టుకోండి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగే అధ్యాయాలు. పౌలు దాన్ని బంధకాల్లో ఉండి, తన ఇష్టప్రకారం కదలలేని స్థితిలో రాశాడు. వారానికి ఒక అధ్యాయం చాలు. సోమవారం చదివినదే మంగళవారమూ చదవండి. బట్టలు ఇస్త్రీ చేసే సమయంలో తెలుగు ఆడియో బైబిలు వినే వీలుంటే అదే అధ్యాయం పెట్టుకోండి. వారం చివరికి అందులో ఒక వచనం చూడకుండా చెప్పగలిగితే, ఆ వారం మీకు మంచి భోజనం దొరికినట్టే. ఒక్కసారిగా బైబిలు అంతా చదివేయాలన్న ఆత్రం వద్దు. 1,189 అధ్యాయాలను ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడుకు పైగా చదవాలి, మీ పని గంటలకు అది మోయలేని బరువు.

మీ గదిలోని రెండవ సోదరి విశ్వాసి అయినా కాకపోయినా, ఆమెతో మీరు మెలిగే తీరులోనే మీ ఎదుగుదల ఎక్కువగా జరుగుతుందని గుర్తుంచుకోండి. అలసివచ్చిన రాత్రి ఎవరు ముందు స్నానానికి వెళ్లాలన్న చిన్న విషయం దగ్గర చూపే ఓర్పు కూడా ప్రభువు లెక్కలో ఉంటుంది.

ఒక మాట వాక్యానికి బయటిది, అయినా చెప్పాలి. కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో వచ్చిన చట్టం ప్రకారం వారానికి ఒక రోజు సెలవు మీ హక్కు, రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. మీ యజమానురాలిని వినయంగా అడగండి. ఇబ్బంది పెడితే భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. ఓర్చుకోవడమే భక్తి అని ఎవరైనా చెప్పి మిమ్మల్ని ఆపితే వినవద్దు. పౌలు కూడా తనను కొరడాలతో కొట్టబోయినప్పుడు రోమా పౌరునిగా తన హక్కు అడిగాడు (అపొస్తలుల కార్యములు 22:25).

ప్రశ్న: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి ఒక్కొక్కరికీ ఒక బైబిలు వచనం వచ్చే వాగ్దాన కార్డుల్లో నాకు యిర్మీయా 29:11 వచ్చింది, మీ విషయమై నాకున్న ఉద్దేశాలు సమాధానకరమైనవని దేవుడు చెప్పే వచనం. ఈ ఏడాది ఉద్యోగం ఖాయమని అందరూ అన్నారు. ఏడాది గడిచింది, ఉద్యోగం రాలేదు. నా విశ్వాసం చాలకపోవడమే కారణమా?
— ఒక యువకుడు, వరంగల్

జవాబు: తమ్ముడూ, ఆ వచనానికి ముందున్న పదవ వచనం చదవండి. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా కొనిపోబడినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. సమాధానకరమైన ఉద్దేశాలున్నాయని చెప్పిన దేవుడే, డెబ్బది సంవత్సరాలు నిండాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తానన్నాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది ఆ రోజును కళ్లారా చూసి ఉండరు. త్వరలోనే తిరిగి వెళ్లిపోతామని చెబుతున్న ప్రవక్తలను నమ్మవద్దని కూడా అదే ఉత్తరంలో ఉంది. అప్పటిదాకా ఏమి చేయాలో కూడా ఉంది: ఇండ్లు కట్టుకుని కాపురం ఉండండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని.

వాగ్దాన కార్డులు ఇవ్వడం తప్పని నేను అనను, ఎంతోమందిని అవి వాక్యం వైపు తిప్పాయి. కాని చీటీ తీసినట్టు తీసిన వచనాన్ని ఒక ఉద్యోగానికీ ఒక గడువుకూ కట్టివేసి, అది జరగకపోతే నీ విశ్వాసం తక్కువని అనడం ఆ వచనానికీ మీకూ అన్యాయం. ఆ అధ్యాయం మొత్తం కూర్చుని చదవండి. ఉద్యోగ ప్రయత్నం ఆపవద్దు. ఈ లోగా చిన్నదైనా సరే చేతికి దొరికిన పని చేయడానికి సిగ్గుపడవద్దు, తోటలు నాటండన్నది అలాంటి మధ్యకాలం గురించే.

ప్రశ్న: నాన్నగారు పోయాక పొలం పంపకంలో అన్నయ్యకూ నాకూ మాట పెరిగి, తొమ్మిదేళ్లుగా మాటలు లేవు. ఇద్దరిదీ ఒకే సంఘం. ఆయన ముందు వరుసలో కూర్చుంటారు, నేను వెనుక కూర్చుంటాను. నెల మొదటి ఆదివారం ఇద్దరం ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) పాలుపొందుతాము. నేను సండే స్కూలులో బోధిస్తున్నాను కూడా. తప్పు ఎక్కువగా ఆయనదేనని ఊరందరికీ తెలుసు. ఆయన రాకుండా నేనెందుకు వెళ్లాలి?
— ఒక సోదరుడు, ఖమ్మం జిల్లా

జవాబు: సోదరా, మీ ప్రశ్నకు జవాబు మత్తయి 5:23, 24 వచనాల్లో నేరుగానే ఉంది, దాన్ని తేలిక చేసి చెప్పడం నా వల్ల కాదు. అర్పణ అర్పిస్తుండగా సహోదరునికి నీ మీద విరోధమేమైనా ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణను బలిపీఠం ఎదుటనే విడిచి, మొదట వెళ్లి అతనితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు. తప్పు ఎవరిది ఎంత అన్న లెక్క ఆయన అడగలేదు. విరోధం ఉందని ఎవరికి జ్ఞాపకం వచ్చిందో వారే లేచి వెళ్లాలి. ఈ ఉత్తరం రాశారంటే ఆ జ్ఞాపకం మీకు వచ్చింది.

మీ సండే స్కూలు పిల్లలు మీ అన్నయ్యను, మిమ్మల్ని ఇద్దరినీ చూస్తున్నారు. మీరు క్షమాపణ పాఠం చెప్పే రోజున వారి కళ్లు ఎటు తిరుగుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ ఒక్క సంగతి దగ్గర మీ ఎదుగుదల ఆగిపోయి ఉండవచ్చు. ఎన్ని ఉపవాసాలు చేసినా, ఎన్ని అధ్యాయాలు చదివినా దీన్ని పక్కన పెట్టి ముందుకు సాగడం కుదరదు.

వెళ్లేటప్పుడు పెద్దమనుషులను వెంటబెట్టుకోవద్దు, ఒక్కరే వెళ్లండి. పండుగ రోజునో, నలుగురు చుట్టాలు ఉన్న రోజునో వద్దు. పొలం ఊసు ఎత్తవద్దు. ఆయన తప్పులు ఒక్కటి కూడా చెప్పకుండా, ఆ రోజు మీరు అన్న మాటల్లో మీకు గుర్తున్న తప్పు మాట ఏదో అదొక్కటే చెప్పి, ‘అన్నయ్యా, ఆ మాట అనకుండా ఉండవలసింది, క్షమించు’ అనండి. ‘నువ్వూ అన్నావు గాని’ అనే తోక దానికి తగిలించవద్దు. వదిన కాఫీ ఇస్తే తాగి రండి.

క్షమించడం అంటే వాటా వదులుకోవడమని భయపడనక్కరలేదు. న్యాయంగా రావలసిన భూమిని కొలిపించుకోవడం, కాగితాలు సరిచేయించుకోవడం పాపం కాదు. ఒకవేళ మీ వైపే కొన్ని సెంట్లు ఎక్కువ కలిసి ఉన్నాయని మీకు తెలిస్తే మాత్రం, ఆయన అడగక ముందే తిరిగి ఇచ్చేయండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసు ఎదుట నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నప్పుడే ప్రభువు, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చియున్నదని పలికాడు (లూకా 19:8, 9).

ఆయన మాట్లాడకపోవచ్చు, లోపలికి రమ్మని కూడా అనకపోవచ్చు. రోమా 12:18 మన చేతనైనంత మట్టుకే మనల్ని బాధ్యులను చేస్తుంది. మీ వంతు మీరు చేసి వచ్చాక నిస్సంకోచంగా బల్లలో చేయి వేయండి, సండే స్కూలు కూడా మానవద్దు. నెల రెండు నెలలు ఆగి మళ్లీ ఒకసారి వెళ్లండి. సర్వేయరును పిలిపించే సంగతి ఆ తరువాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.